కింద ఎడమ మూల

జూన్ 3

ఇవాళ కంప్యూటర్ పొట్ట విప్పాను. కుట్టుమిషన్ సొరుగులోని స్క్రూడ్రైవర్‌తో నాలుగు మరలు ఊడదీసి పక్కరేకు లాగితే లోపల ఐదేళ్ళ దుమ్ము, ఒక హెయిర్‌పిన్ను బయటపడ్డాయి. హెయిర్‌పిన్ను నాదే. లోపలికి ఎలా దూరిందో దానికే తెలియాలి.

టీవీ కార్డు అరచేతిలో ఇమిడే పచ్చటి పలక. కేబుల్ తీగ దీనికి తగిలిస్తే టీవీలో వచ్చేదంతా కంప్యూటర్‌లోకి వస్తుంది, మనం చెప్పిన వేళకు దానంతటదే దాచిపెడుతుంది. షాపతను, ఏముంది మేడమ్, గుచ్చెయ్యడమే అన్నాడు. గుచ్చెయ్యడమే అనేవాళ్ళెవరూ ఇంటికొచ్చి గుచ్చరు. గాడి ఎక్కడుందో కనిపెట్టడానికి ఇరవై నిమిషాలు, ధైర్యం తెచ్చుకోవడానికి ఇంకో ఇరవై. గట్టిగా నొక్కితే విరుగుతుందేమో, మెల్లగా నొక్కితే అంటుకోదేమో. మా కాలేజీ లైబ్రరీలో పద్దెనిమిది వేల పుస్తకాల జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కించిన మనిషిని నేను. ఒక పుస్తకం ఏ అరలో పెట్టాలో తేలక రోజంతా చేతిలో పట్టుకుని తిరిగిన మనిషినీ నేనే. చివరికి కళ్ళు మూసుకుని నొక్కాను. టక్కుమంది. మంచి టక్కో చెడ్డ టక్కో రేపు తెలుస్తుంది.

ఇదంతా అత్తయ్య కోసం. మొన్న సోమవారం ఆమె కుడికంటికి ఆపరేషన్ అయింది. ఎడమకన్ను చిన్నప్పుడెప్పుడో దెబ్బ తగిలి పోయింది, దానికి వెలుతురు తప్ప ఏమీ తెలియదు. ఉన్న ఒక్క కంట్లో ఇప్పుడు వెనకపొర ఊడి వచ్చింది. డాక్టరమ్మ దాన్ని అంటించి, అది కదలకుండా లోపల గాలిబుడగ నింపింది. ఆ బుడగ పొరను నొక్కిపెట్టి ఉంచాలంటే అత్తయ్య పద్నాలుగు రోజులు మొహం నేలకేసి పెట్టుకోవాలి. తినడం, పడుకోవడం, పోట్లాడటం, అన్నీ నేలను చూస్తూనే. బుడగ నిండుగా ఉన్నన్నాళ్ళూ ఏమీ కనిపించదు. అది కరిగాక కనిపిస్తుందా అంటే డాక్టరమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆపరేషన్ గదిలోంచి బయటికి తీసుకురాగానే అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న కంటి గురించి కాదు.

"పద్నాలుగు రోజులంటే, మరి మన ఏడున్నర?"

ఏడున్నర అంటే రాత్రి ఏడున్నరకు వచ్చే సీరియల్. సోమవారం నుంచి శనివారం దాకా, నాలుగేళ్ళుగా ఆమె ఒక్క భాగం తప్పలేదు. ఆయన, పక్కన కూర్చుని ఏం జరుగుతోందో చెప్తానమ్మా, వింటూ ఉండు అన్నారు.

"వింటే ఏం తెలుస్తుందిరా? మొహాలు చూడకపోతే ఎవరు అబద్ధమాడుతున్నారో ఎలా పట్టుకోవడం?"

నేను దాచి ఉంచుతాను అత్తయ్యా, మీరు తల ఎత్తగానే వరసగా చూద్దురుగాని, అనేశాను. అంత తొందరగా ఎందుకు అన్నానో. ఆ చానల్ చిన్నది, దాని సీరియళ్ళు ఇంకెక్కడా దొరకవు. అన్నాక తప్పుతుందా.

టీవీలో కింద ఎడమ మూల నల్లగా ఉందని ఆపరేషన్‌కు ఒక రెండు మూడు రోజుల ముందు ఆమే చెప్పారు. చెప్పగానే తీసుకెళ్ళాం.

జూన్ 4

బొమ్మ వచ్చింది. శబ్దం లేదు. అందరూ గాజుతొట్టెలో చేపల్లా నోళ్ళు తెరిచి మూస్తున్నారు. శబ్దానికి వేరే చిన్న తీగ ఉంటుందట, అది అట్టపెట్టె అడుగున ఉంది. ఆ పెట్టెను పొద్దున చెత్తబుట్టలో వేసింది ఎవరో ఇక్కడ రాయను.

ఆయన అత్తయ్య పరుపుకు తల దగ్గర బ్రెడ్డు కోసే కత్తితో గుండ్రంగా కన్నం చేశారు, మొహం అందులో పెట్టి బోర్లా పడుకోవడానికి. పార్సిల్ ఆఫీసులో పాతికేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, ఏ వస్తువైనా ఎలా పెడితే కదలకుండా ఉంటుందో తెలుసు. అత్తయ్య పడుకుని చూసి, "బాగుందిరా, చీటీ అంటించి పంపించెయ్యి" అన్నారు.

మా అమ్మాయి, ఏడో తరగతి పిడుగు, మంచం కింద దూరి వెల్లకిలా పడుకుని నానమ్మతో కబుర్లు చెప్తోంది. ఇంట్లో ఆమె మొహం చూడగలిగేది అదొక్కతే.

జూన్ 5

శబ్దమూ వచ్చింది. ఏడున్నరకు నేను లైబ్రరీలో ఉంటాను కాబట్టి నిన్న సాయంత్రమే వేళ పెట్టి ఉంచాను. ఇవాళ ఇంటికొచ్చి చూస్తే అరగంట ఫైలు నిక్షేపంలా ఉంది. ఆనందం పట్టలేక అందరినీ పిలిచాను. తెరిస్తే ట్రాక్‌సూట్ వేసుకున్న ఒకావిడ నడుము వంచి కాలివేళ్ళు అందుకోమంటోంది. నేను పెట్టింది పొద్దున ఏడున్నర.

ఆయన, "పోనీలే, అమ్మకు ఇదే చూపిద్దాం. ఇందులోనూ వంగడమే కదా" అన్నారు.

పక్కగదిలో పరుపు కన్నంలోంచి, "నాకు వినిపిస్తోంది" అని వచ్చింది.

జూన్ 6

మొదటి భాగం చిక్కింది! బొమ్మ, శబ్దం, ముందు ప్రకటనలు, వెనక ప్రకటనలు, అన్నీ. ఫైలుకు తేదీ, భాగం సంఖ్య వేసి పేరు పెట్టాను. పుస్తకానికి నంబరు వేసి వీపు మీద కాగితం అంటించినంత తృప్తి.

ఇంటికి కొత్త చట్టం వచ్చింది, అత్తయ్య జారీ చేశారు. ఏడున్నరకు హాల్లో టీవీ కట్టెయ్యాలి. ఆమె తల ఎత్తేదాకా సీరియల్ గురించి ఎవరూ నోరెత్తకూడదు. పిడుగు కంప్యూటర్‌లో చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని చూసుకోవచ్చు కానీ, ఒక్క ముక్క పెదవి దాటితే మనవరాలు కాదు.

ఆసుపత్రి హడావిడిలో, నా కార్డు తిప్పల్లో పోయిన మొదటి ఐదు రోజుల మాటేమిటని అడిగాను. దానికి మాత్రం పిడుగుకు అనుమతి దొరికింది, దాని స్నేహితురాలి ఇంట్లో చూసిందట. ఐదు భాగాలనూ ఒక్క వాక్యంలో చెప్పింది: "నర్సుకి ఉత్తరం వచ్చింది నానమ్మా, అందరూ దాని చుట్టూ కూర్చున్నారు."

"విప్పారా?"

"లేదు."

"అయితే నేనేమీ పోగొట్టుకోలేదు" అని అత్తయ్య నిట్టూర్చారు.

జూన్ 8

రెండో భాగం సరిగ్గా వచ్చిందో లేదో సరిచూశాను. రెండుసార్లు. నేను సీరియల్ చూడటం లేదు, సరిచూస్తున్నాను. ఆ నర్సు ఉత్తరాన్ని అలా గుప్పిట్లో నలుపుతుందే తప్ప విప్పదేం?

జూన్ 9

బొమ్మలో సన్నగా చుక్కలు. ఒకే తీగను టీవీకీ కంప్యూటర్‌కీ పంచితే బలం చాలదట. కేబుల్ అతన్ని పిలిచాను. అతను వచ్చి, బలం పెంచే చిన్న డబ్బా ఒకటి మధ్యలో బిగించి, చెప్పులు వేసుకుంటూ అడిగాడు.

"ఆ మూల నలుపు మళ్ళీ ఏమన్నా వస్తోందా మేడమ్? రెండుసార్లు తిప్పారు కదా నన్ను."

అత్తయ్య పక్కగదిలోనే ఉన్నారు. రావడం లేదన్నాను. అతను వదలకుండా మొత్తం మళ్ళీ వివరించాడు. వాళ్ళ ఆఫీసు నుంచి చుట్టుపక్కల దుకాణాల ప్రకటనలు తెర మూలలో చిన్న పెట్టెలా వేస్తారు. ఆ మిషన్ మొరాయించినప్పుడు ప్రకటన పోయి నల్లపెట్టె మిగులుతుంది. వస్తుంది, పోతుంది, చూసీచూడనట్టు ఊరుకోవాలి.

అతను వెళ్ళాక హాల్లో క్యాలెండర్‌లో వెనక్కి మడిచిన మే కాగితం ముందుకు తిప్పాను. నా చేతిరాతే. మే 23, కేబుల్. మే 27, కేబుల్ మళ్ళీ.

అంటే అత్తయ్య మొదటిసారి చెప్పింది మే 22న. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది 31న. తొమ్మిది రోజులు. ఇదే డైరీలో ఆరు రోజుల కింద రెండు మూడు రోజులని రాశాను. చెప్పగానే తీసుకెళ్ళామని కూడా రాశాను. ఎన్నాళ్ళయిందని డాక్టరమ్మ అడిగినప్పుడు నా నోట్లోంచి అదే వచ్చింది, చాలా మామూలుగా. ఆమెకు చెప్పడం ఒక ఎత్తు. నేను తప్ప ఎవరూ తెరవని ఈ పుస్తకానికి కూడా అలాగే చెప్పుకున్నాను. ఎవరు చదువుతారని?

మే 22న నేను టీవీ దగ్గరికి వెళ్ళి చూశాను. మూల శుభ్రంగా ఉంది. అత్తయ్యకు నల్లగా కనిపిస్తోంది, నాకు కనిపించడం లేదు. ఇద్దరి మధ్యా ఉన్న తేడా టీవీ కాదని చిన్నపిల్లకైనా తట్టాలి. నాకు తట్టలేదు, ఇప్పుడే పోయి ఉంటుంది అనుకున్నాను. వస్తుంది పోతుంది అని కేబుల్ అతను అనగానే ప్రాణం కుదుటపడింది. తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానమని లైబ్రరీలో కొత్తగా చేరినవాళ్ళకు చెప్తుంటాను. అత్తయ్య మాటను తీసుకెళ్ళి టీవీ అరలో పెట్టాను. ఎదురుగా ఉన్న బిస్కెట్ల ప్లేటు ఎక్కడ అని 31న ఆమె అడిగేదాకా అది అక్కడే ఉంది.

ఇప్పుడు డాక్టరమ్మకు చెప్తే ఏం మారుతుంది? ఏమీ మారదు. ఏమీ మారనప్పుడు చెప్పడానికి భయం దేనికి?

మూడో భాగం చుక్కలు లేకుండా వచ్చింది.

జూన్ 10

నాలుగో భాగం. బాగుంది. ఉత్తరం ఇంకా విప్పలేదు.

జూన్ 11

ఏడూ నలభైకి కరెంటు పోయింది. నేను లైబ్రరీలో ఉన్నాను, అక్కడా పోయింది. చీకట్లో అరల మధ్య నిలబడి నేను మొదట తలుచుకున్నది ఐదో భాగాన్ని. సిగ్గుచేటు. ఇంటికి ఫోన్ చేస్తే పిడుగు ఎత్తింది. కంప్యూటర్ కింద ఉన్న బ్యాటరీ పెట్టె కూకూ అని అరుస్తోందట, రికార్డింగ్ మాత్రం ఆగలేదట. ఆ బ్యాటరీ పెట్టె ఎందుకు, దండగ అని నాలుగేళ్ళ కింద ఆయనతో వాదించింది నేనే. ఇంటికి రాగానే దాని నెత్తిన చెయ్యి వేసి నిమిరాను.

అత్తయ్యకు మెడ లాగేస్తోంది. నాలుగు రోజులే కదా అంటే, నాలుగు రోజులని నువ్వు నిలబడి చెప్తున్నావు అన్నారు.

జూన్ 12

ఇవాళ చెప్పేశాను. ఎలా జరిగిందో జరిగినట్టు రాస్తాను, నాలుగు రోజులు పోతే మళ్ళీ ఇంకోలా గుర్తుపెట్టుకుంటానేమో.

సాయంత్రం లైబ్రరీ నుంచి తొందరగా వచ్చాను. అత్తయ్య కుర్చీలో కూర్చుని, బల్ల మీద దిండుకు నుదురు ఆనించి ఉన్నారు. ఈ పన్నెండు రోజులుగా ఆమెతో మాట్లాడటమంటే ఆమె మెడతో మాట్లాడటమే. మెడ వెనక చిన్న పుట్టుమచ్చ ఉందని పెళ్ళయిన పదిహేడేళ్ళకు తెలిసింది. కాఫీ గ్లాసు బల్ల కింద పట్టుకుని స్ట్రా అందించాలి కాబట్టి నేల మీద కూర్చున్నాను. ఆమె కళ్ళు మూసే ఉన్నాయి. ఇంతకంటే తేలిక సమయం దొరకదనిపించింది.

"అత్తయ్యా, డాక్టరమ్మతో రెండు మూడు రోజులని చెప్పాను. కాదు, తొమ్మిది రోజులు."

కాఫీ పీల్చే చప్పుడు ఆగింది.

"తెలుసు. పక్కనే ఉన్నాగా. పాడైంది కన్ను, చెవులు కాదు."

టీవీని పట్టుకుని వేళ్ళాడకుండా మొదటి రోజే తీసుకెళ్ళి ఉంటే అని మొదలుపెట్టాను. పూర్తి చెయ్యనివ్వలేదు.

"తీసుకెళ్తానంటే నేను వచ్చేదాన్ననుకున్నావా?"

మళ్ళీ రెండు గుక్కలు పీల్చారు. నేను గ్లాసు పట్టుకునే ఉన్నాను.

"మొదటి రోజు టీవీ కట్టేశాక తారీకు చూద్దామని తల తిప్పాను. అక్కడా మూల నల్లగానే ఉంది. క్యాలెండర్‌కి కేబుల్ లేదుగా అమ్మాయ్."

మిగిలినదంతా ఆమె నేలతో చెప్పుకుంటున్నట్టు మెల్లగా చెప్పారు. ఎడమకంటికి కట్టు విప్పిన రోజు ఆమెకు ఎనిమిదేళ్ళట. గదిలో వాసన, కట్టు విప్పుతూ డాక్టరు ఏమీ మాట్లాడకపోవడం, అన్నీ గుర్తున్నాయట. ఈసారి కూడా అంతే జరుగుతుందని తేలిపోయేకంటే టీవీ చెడిపోయిందని అనుకోవడం హాయిగా ఉందట. నేను కేబుల్ అతనికి ఫోన్ చేస్తుంటే, ఇంత చదువుకున్నది అదే టీవీదే తప్పంటోంది, నాకేం తెలుసు అని మనసుకు సర్దిచెప్పుకున్నారట.

"రెండోసారి పిలవమన్నది ఎవరు? నేనే కదా. ఇద్దరం కలిసి కేబుల్ అతని దగ్గర వైద్యం చేయించుకున్నాం."

కోపం రావాలో ఏడుపు రావాలో తేలేలోపు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది, భుజాలు ఊగాయి. "నవ్వించకు, బుడగ కదులుతుంది" అని నన్నే కసిరారు.

ఇందాకటి నుంచీ ఒకటే ఆలోచన. అదంతా నిజంగా జరిగిందా, నా బరువు దించడానికి అల్లారా? మొహం చూసి ఉంటే పట్టుకునేదాన్ని.

జూన్ 13

ఆయనకు కూడా చెప్పాను. నేను గదిలోంచి వెళ్ళబోతుంటే, "నాకు ఇరవై మూడునే చెప్పింది అమ్మ. నేను రిమోట్‌లో బ్యాటరీలు మార్చాను" అన్నారు.

ఏడో భాగం వచ్చింది.

జూన్ 15

ఇవాళ్టితో పద్నాలుగు రోజులు. ఆసుపత్రిలో అత్తయ్య తల ఎత్తారు. ఒక్కసారిగా కాదు, కొద్దికొద్దిగా, మెడకు నూనె వెయ్యని బొమ్మలా. మొహం వాచి, బుగ్గ మీద దిండు చారలు. రెండు వారాల తర్వాత చూసిన మొహం. భలే ఉంది.

డాక్టరమ్మ దీపం పెట్టి చూస్తున్నంతసేపూ నేను గోడ మీద అక్షరాల పట్టీ చదువుతూ నిలబడ్డాను. పొర అంటుకునే ఉందట. బుడగ సగానికి కరిగిందట, ఇంకో పది రోజుల్లో మొత్తం పోతుందట. చూపు ఎంత వస్తుందో అప్పుడు చెప్తానంది. ఆమె చీటీ రాస్తుండగా చెప్పేశాను, రెండు మూడు రోజులు కాదు, తొమ్మిది రోజులని. ఆమె కలం ఆపలేదు.

"ఆ రోజే తెలుసమ్మా, పొర ముడతలు చూస్తే వయసు తెలిసిపోతుంది. రెండు రోజులని చెప్పేవాళ్ళంతా వారం దాటాకే వస్తారు. చూపు మధ్యభాగం దాకా ఊడకముందే వచ్చారు, అది అదృష్టం."

తర్వాత తల ఎత్తి అత్తయ్యను కాదు, నన్ను చూసింది. ఒకసారి ఊడిన పొర మళ్ళీ ఊడే అవకాశం ఉందట, ముఖ్యంగా బుడగ పోయిన కొత్తలో. ఏ మూలైనా నీడ కనిపిస్తే ఆ రోజే, ఆ గంటే రావాలట. రెండోసారి ఆలస్యమైతే ఎవరూ ఏమీ చెయ్యలేరట.

అత్తయ్య కుర్చీలోంచి లేస్తూ, "ఈసారి ఎవర్నీ పిలవంలెండి" అన్నారు. డాక్టరమ్మకు అర్థం కాలేదు.

ఎనిమిదో భాగం మొదటి నిమిషం చూసి ఆపేశాను. బాగానే వచ్చింది. ఇంక కూర్చోలేను.

జూన్ 18

మొదటి ఆట. కంప్యూటర్ నుంచి టీవీకి తీగ లాగాను, హాల్లో అందరం కూర్చున్నాం. అత్తయ్య తల దువ్వుకుని వచ్చి కూర్చున్నారు, మొదటి భాగానికి.

బుడగ సగం కరిగింది కాబట్టి పైసగం కనిపిస్తుంది, కిందసగం నీళ్ళలో మునిగినట్టు ఉంటుందట. తల కదిలిస్తే ఆ నీటిగీత కూడా ఊగుతుందట, బకెట్ మోసుకెళ్తున్నట్టు. సీరియల్ మొత్తం ఆమెకు మనుషుల జుట్టు, నుదుళ్ళు, పై అరలో గిన్నెలు. అయినా అరగంటసేపు కన్ను తిప్పలేదు. అయ్యాక తీర్పు చెప్పారు.

"ఆ పెద్దకోడలు అబద్ధాలకోరు. కనుబొమలు చూస్తేనే తెలిసిపోతోంది."

రోజుకు ఒక్క భాగమే. చట్టం ఆమెదే.

జూన్ 20

పిడుగు టీవీ పక్కన కాగితం పట్టీలు అంటిస్తోంది. నానమ్మ ఒకే కుర్చీలో, తల ఒకేలా పెట్టుకుని, గీత ఎక్కడుందో చెప్తుంది, అది అక్కడ తేదీ వేసి అంటిస్తుంది. చెరువులో నీటిమట్టం చూసినట్టు రోజూ ఒక అంగుళం దిగుతోంది. మొన్న నుదుళ్ళు, నిన్న ముక్కులు, ఇవాళ మెడలు. ఉత్తరం పట్టుకున్న చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది.

నేను టీవీ చూడటం లేదు. అత్తయ్య చూపు కింద ఎడమ మూలకు ఎప్పుడు వెళ్తుందా అని చూస్తున్నాను. ఆమె అటు చూడగానే నేను కుర్చీ అంచుకు జరుగుతాను. నేను ఏమన్నా అడిగేలోపు ఆమె ఇంకెటో చూస్తారు.

జూన్ 22

చేతులు కనిపించాయి. "ఇన్నాళ్ళూ ఉత్తరం నిజంగానే ఉందా, మీరంతా కలిసి ఆడిస్తున్నారా అనుకున్నాను" అన్నారు.

జూన్ 24

నీటిగీత పోయింది. పొద్దున అడుగున చిన్న గోళీలా దొర్లిందట, మధ్యాహ్నం వెతికితే లేదట. పిడుగు ఆఖరి పట్టీని టీవీ కిందున్న బల్లకు అంటించింది. అక్షరాలు మసకగానే ఉన్నాయి, దానికి కొత్త అద్దాలు ఇస్తారు. అది పెద్ద విషయం కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇప్పుడు ఆ కంట్లో బుడగ లేదు. నలుపు అంటూ కనిపిస్తే ఇంక దానికి ఒకటే అర్థం.

ఇంట్లో అందరూ మామూలుగా ఉన్నారు. నేను కూడా మామూలుగానే ఉన్నాను. ఆసుపత్రి ఫోన్ నంబరు క్యాలెండర్ మీద పెద్ద అంకెలతో రాశాను, అంతే.

జూన్ 25

ఎనిమిదో భాగం. నర్సు కిటికీ పక్క బల్ల ముందు కూర్చుంది. ఉత్తరం బల్ల మీద పెట్టింది. చించడానికి గోరు పెట్టింది. ఆయన కూడా పేపరు కింద పెట్టారు.

"అమ్మాయ్" అన్నారు అత్తయ్య, చాలా నెమ్మదిగా. "కింద ఎడమ మూల నల్లగా ఉంది."

ఆయన లేచి నిలబడ్డారు. ఈసారి టీవీ దగ్గరికి వెళ్ళలేదు, టీవీ వైపు కనీసం చూడను కూడా చూడలేదు. వెళ్ళి ఆమె కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అత్తయ్యా, క్యాలెండర్ చూడండి."

ఆమెకు వెంటనే అర్థమైంది. గోడవైపు తిరిగారు. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను. కన్ను చిట్లించారు. పైనుంచి మొదలుపెట్టి వారం వారం కిందికి దిగుతున్నారు, పెదవులు కదులుతున్నాయి. అంత నిదానంగా క్యాలెండర్ చూసిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

"కింద ఎడమ మూల ఇరవై ఎనిమిది. ఎర్రగా ఉంది. ఆదివారం."

"నలుపు?"

"లేదు."

"నిజంగానా?"

"నీతో అబద్ధం చెప్పాలంటే మొహం తిప్పుకుని చెప్పేదాన్ని" అన్నారు, నా కళ్ళలోకి చూస్తూ.

అప్పుడు తిరిగి టీవీ చూశాను. నర్సు ఉత్తరం విప్పి చదువుతోంది. తెరకు కింద ఎడమ మూలన అగ్గిపెట్టెలా దిట్టంగా, నాలుగు పక్కలా తీరుగా, కాటుకలాంటి నలుపు. నాకు కనిపిస్తోంది. ఆయనకు కనిపిస్తోంది. ఉత్తరం సరిగ్గా దాని వెనకే ఉంది.

"అది రికార్డయిన రోజు నుంచే ఉంది" అంది పిడుగు. "నేను చెప్పబోయాను. సీరియల్ గురించి నోరెత్తద్దన్నారుగా."

ఎవరూ దాన్ని కోప్పడలేదు. ఆయన కూర్చోవడం మర్చిపోయి అలాగే నిలబడి ఉన్నారు. నేను అత్తయ్య మోకాలికి తల ఆనించాను. ఆమె నా జుట్టులో వేళ్ళు పెట్టి, తెర మీద నుంచి కన్ను తిప్పకుండా, "రేపు పిలువు ఆ కేబుల్ అతన్ని" అన్నారు.

జూన్ 26

డిస్కు నిండిపోయింది. చూసేసిన భాగాలు చెరిపెయ్యమని ఆయన అన్నారు. ఒకటి నుంచి ఏడు దాకా చెరిపేశాను. ఎనిమిదో దానికి చెయ్యి రాలేదు.